ఫీనిక్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మే రెండో వారంలో మీరు హైదరాబాద్ నుంచి శ్రీమతితో, రెండేళ్ల పాపతో అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి, ఫీనిక్స్ ప్రాంతానికి వస్తున్నారు. ఉద్యోగం ఫీనిక్స్ శివారు ఊరు ఛాండ్లర్‌లో. నెలకు 1,800 డాలర్ల లోపు రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ చూస్తున్నారు. ఫొటోల్లో ఒకటి నచ్చింది. మూడో అంతస్తు, అదే పై అంతస్తు, తూర్పు వాకిలి. హైదరాబాద్ నుంచే ఆన్‌లైన్‌లో ఏడాది లీజు మీద సంతకం చేసేయవచ్చా, ఆ ఎండలకు పాపతో తట్టుకోగలమా అని అడిగారు.

నా సమాధానం: సంతకం చేయకండి. మొదటి రెండు మూడు వారాలకు సామానుతో సహా దొరికే తాత్కాలిక వసతి తీసుకోండి. వచ్చాక నచ్చిన ఇళ్లను సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య స్వయంగా వెళ్లి చూడండి. ఈ ఊళ్లో ఇంటిని అద్దెను బట్టి కాదు, జులై నెల సాయంత్రాన్ని అది ఎలా తట్టుకుంటుందన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఎండల సంగతికి వస్తే, ఇల్లు సరిగ్గా కుదిరితే పాపతో హాయిగా ఉండవచ్చు. నేను 14 ఏళ్లుగా ఈ లోయలో (ఫీనిక్స్, చుట్టుపక్కల ఊళ్లను కలిపి ఇక్కడ అలాగే అంటారు) ఉంటున్నాను, నాలుగు అద్దె ఇళ్లు మారాను, మా ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్లకు ఇళ్లు చూపించడం దాదాపు నా రెండో ఉద్యోగం అయింది. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ తూర్పు వాకిలి గురించి. మనవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది అడిగే మొదటి ప్రశ్న అదే, నేనూ అదే అడిగాను. అయితే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఒకవైపు నడవాలోకి తలుపు, దానికి సరిగ్గా ఎదురువైపు హాలు కిటికీ, బాల్కనీ, పడకగది కిటికీలు ఉంటాయి. అంటే తూర్పు వాకిలి ఉన్న ఇంటికి కిటికీలన్నీ పడమర చూస్తాయి. ఫీనిక్స్ సుమారు 33 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి నడివేసవిలో సూర్యుడు సరిగ్గా పడమర కాకుండా వాయవ్యానికి జరిగి, రాత్రి ఏడున్నర దాటాక అస్తమిస్తాడు. మధ్యాహ్నం రెండు నుంచి అప్పటిదాకా ఆ గాజు కిటికీల మీద ఏటవాలుగా ఎండ పడుతూనే ఉంటుంది, ఏ చూరూ దాన్ని ఆపలేదు. మనం భయపడే దక్షిణం కిటికీలే ఇక్కడ మేలు. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు గనుక పై బాల్కనీ నీడ సరిపోతుంది, చలికాలంలో కిందికి వాలిన ఎండ ఇంట్లోకి వచ్చి వెచ్చగా ఉంటుంది. ఉత్తరం కిటికీలు ఇంకా మేలు. వాస్తు మీద మీకున్న నమ్మకాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. వాకిలి ఎటు ఉందో అడిగిన వెంటనే కిటికీలు ఎటు ఉన్నాయో కూడా అడగండి, రెంటికీ కుదిరే ఇల్లు వెతికితే దొరుకుతుంది.

నా మొదటి ఇల్లు ఫీనిక్స్ పక్క ఊరు టెంపీలో. ఫిబ్రవరి నెలలో, ఉదయం పది గంటలకు చూశాను. బయట నారింజ పూల వాసన, లోపల ఏసీ అవసరమే లేని చల్లదనం, పై అంతస్తు కాబట్టి తలమీద ఎవరి అడుగుల చప్పుడూ లేదు. పక్క భవనంలోని అలాంటి ఇంటికంటే 90 డాలర్లు తక్కువ. ఆ తక్కువ ఎందుకో అడగాలని కూడా తోచలేదు. జూన్ వచ్చేసరికి తెలిసింది. పైన రోజంతా కాగే కప్పు, పడమర రెండు పెద్ద కిటికీలు. సాయంత్రం ఆరు గంటలకు కిటికీ పక్క గోడ మీద చేయి పెడితే అట్లపెనం పక్కన పెట్టినట్లుండేది. ఏసీ ఆగకుండా తిరిగినా హాలు 84 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 29కి, దిగేది కాదు. ఆ వేసవి కరెంటు బిల్లులు నేను అద్దెలో మిగుల్చుకున్న దాన్నంతా తినేసి, పైన ఇంకొంత పట్టుకుపోయాయి. అందుకే నా మాట: పై అంతస్తు వద్దు, మధ్య అంతస్తు తీసుకోండి. ఇక్కడ నేల అంతస్తునే మొదటి అంతస్తు అంటారు కాబట్టి మధ్యది అంటే వాళ్ల లెక్కలో రెండోది.

విజయవాడ ఎండలు, రామగుండం ఎండలు చూసినవాళ్లకు ఇదో లెక్కా అని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. తేడా వేడిలో కంటే దాని పట్టులో ఉంది. 2023లో జూన్ చివరి నుంచి వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు, అంటే సుమారు 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. ఆ జులైలోనే వరుసగా 16 రోజులు రాత్రిపూట కూడా 90 డిగ్రీల కిందికి, అంటే 32 సెల్సియస్ కిందికి, దిగలేదు. 2024లో 100 డిగ్రీలకు తగ్గని రోజులు వరుసగా 113. కాంక్రీటు, తారు రాత్రంతా పగటి వేడిని వదులుతూనే ఉంటాయి, ఆరుబయట మంచం వేసుకుంటే సేదతీరే రాత్రి ఇక్కడ నడివేసవిలో ఉండదు. ఇంకొకటి, మనకు ఎండ అంటే ఉక్కపోత, చెమట. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట కనబడకముందే ఆవిరైపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతి తలనొప్పి వచ్చేదాకా తెలియదు. పాప విషయంలో దీన్ని గుర్తుంచుకోండి. అడిగినప్పుడు కాదు, గంట గంటకూ మీరే నీళ్లు పట్టాలి.

ఇక ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఏం చూడాలో చెబుతాను. అన్నిటికంటే ముందు ఏసీ. ఇక్కడ గదికొక ఏసీ ఉండదు, ఇంటి మొత్తానికీ ఒకటే యంత్రం, సాధారణంగా కప్పు మీదో బయటో ఉంటుంది. దాని వయసు ఎంతని లీజింగ్ ఆఫీసులో, అంటే ఆ అపార్ట్‌మెంట్ల అద్దె వ్యవహారాలు చూసే ఆఫీసులో, అడగండి. కింద కనబడేలా ఉంటే దాని రేకు మీద తయారీ సంవత్సరం రాసి ఉంటుంది. నేను పది డాలర్ల థర్మామీటర్ ఒకటి జేబులో వేసుకుని వెళతాను. ఏసీ తిరుగుతున్నప్పుడు గాలిని లోపలికి లాక్కునే పెద్ద జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే జాలీ దగ్గర ఒకసారి చూస్తాను. రెంటికీ మధ్య 20 డిగ్రీల ఫారన్‌హీట్ అటూఇటూగా తేడా ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. పన్నెండో పదమూడో ఉంటే ఆ ఇల్లు వదిలేయడం మంచిది. ఇల్లు చూపించే అమ్మాయి మొదట వింతగా చూస్తుంది, పర్వాలేదు. కొన్ని పాత ఇళ్లలో ఏసీకి బదులు మన ఎయిర్ కూలర్ లాంటిదే పెద్దది కప్పు మీద పెడతారు. మే, జూన్‌లలో పొడి గాలికి అది బాగానే పనిచేస్తుంది. జులైలో వర్షాకాలపు తేమ మొదలయ్యాక మాత్రం తడిబట్ట కప్పుకుని కూర్చున్నట్టు ఉంటుంది. చిన్నపిల్లతో అలాంటి ఇంటి జోలికి పోకండి.

వంటగదిలో పొయ్యి పైన ఉండే ఫ్యాను పొగను బయటికి పంపుతుందో, వడపోసి మళ్లీ మన ముఖం మీదికే ఊదుతుందో చూడండి. రెండో రకమైతే ఇంగువ తిరగమోత వాసన మూడు రోజులు కర్టెన్లను వదలదు, మిరపకాయలు వేయించిన ప్రతిసారీ పొగ అలారం మోగుతుంది.

కారుకు నీడ ఉన్న పార్కింగ్ అద్దెలో కలిసి ఉందో లేదో అడగండి. ఇది విలాసం కాదు. బయట నిలిపిన కారులో సీటు బెల్టు కొక్కెం పాప చర్మాన్ని కాల్చగలదు, కారు బ్యాటరీలు ఈ వేడికి రెండు మూడేళ్లలోనే చనిపోతాయి. ఇక ఈత కొలను. చాలా అపార్ట్‌మెంట్ సముదాయాల్లో ఉంటుంది, ఫొటోల్లో ముందు కనిపించేదీ అదే. రెండేళ్ల పాప ఉన్న ఇంటివాళ్లు దాని నీలిరంగును కాదు, దాని గేటును చూడాలి: వదిలేస్తే తనంతట తానే మూసుకుని గడియ పడుతుందా, ఆ గడియ పిల్లలకు అందని ఎత్తులో ఉందా అని. అది పడకపోతే అక్కడి నిర్వహణ ఎలా ఉందో మీకు అప్పుడే అర్థమైపోతుంది.

డబ్బు సంగతి. ప్రకటనలో కనిపించే అద్దె మీరు కట్టే మొత్తం కాదు. నీళ్లు, మురుగు, చెత్త. ఆ చెత్తను గుమ్మం దగ్గర నుంచి తీసుకువెళ్లే సేవకు వేరే రుసుము. పురుగుమందు, పార్కింగ్, అద్దెదారు బీమా, ఇవన్నీ విడివిడిగా చేరతాయి. నా గత ఇంట్లో ఇవి కలిసి నెలకు 140 డాలర్లు అయ్యేవి, కరెంటు కాకుండా. మీ పరిమితి నిజంగా 1,800 అయితే 1,500 చుట్టుపక్కల చూడండి. అన్ని రుసుములతో కలిపిన నెలవారీ లెక్కను కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఒకప్పుడు ఇక్కడి నగరాలు ఇంటి అద్దె మీద పన్ను వేసేవి. 2025 జనవరి 1 నుంచి ఆ పన్ను రాష్ట్రమంతటా రద్దయింది. మీ లెక్కలో ఆ పేరుతో ఏదైనా పద్దు కనిపిస్తే తీసేయమనండి.

కరెంటు కంపెనీని ఎంచుకునే అవకాశం మీకు ఉండదు. చిరునామాను బట్టి ఎస్‌ఆర్‌పీ గానీ ఏపీఎస్ గానీ వస్తుంది. ఎంచుకోగలిగేది ప్లాన్‌ను మాత్రమే, అక్కడే చాలామంది కాలు జారుతారు. వేళను బట్టి ధర మారే ప్లాన్లు చూడటానికి చవకగా ఉంటాయి. ఏపీఎస్‌లో అలాంటి ప్లాన్లకు సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 7 వరకు ధర ఎక్కువ, ఎస్‌ఆర్‌పీలో ప్లాన్‌ను బట్టి వేళలు మారతాయి. కొన్ని ప్లాన్లలో ఖరీదైన వేళల్లో ఏదో ఒక్క గంట మీరు అత్యధికంగా వాడిన దానికి నెల మొత్తానికీ అదనపు రుసుము పడుతుంది. ఒక్క సాయంత్రం ఏసీ, పొయ్యి, బట్టలు ఆరబెట్టే యంత్రం కలిసి తిరిగితే చాలు. ఇంట్లో ఎవరూ ఉండని దంపతులకు ఈ ప్లాన్లు లాభమే. నాలుగు గంటలకు ముందే ఇంటిని 74 డిగ్రీలకు, అంటే 23 సెల్సియస్‌కు, చల్లబరచి తరువాత మూడు గంటలు 80 దగ్గర పెట్టి గడిపేయవచ్చు. మీ ఇంట్లో తల్లీబిడ్డలు మధ్యాహ్నమంతా ఉంటారు. మొదటి వేసవికి ఏ వేళైనా ఒకే ధర ఉండే మామూలు ప్లాన్ తీసుకోండి. గంటగంటకూ మీరు వాడిన లెక్క కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది కాబట్టి, ఒక వేసవి గడిచాక అది చూసుకుని మారవచ్చు. సంతకానికి ముందే మీరు చూసిన ఇంటి గత వేసవి బిల్లులు సుమారుగా ఎంత ఉండేవో కూడా అడగండి. చెప్పకుండా దాటవేస్తే అదీ ఒక జవాబే.

అమెరికాలో క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు సక్రమంగా తీర్చిన రికార్డు, లేదని అద్దెకివ్వరేమోనని భయపడ్డారు. సాధారణంగా నెల ఆదాయం అద్దెకు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలంటారు. మీ ఉద్యోగ నియామక పత్రం, వీసా, పాస్‌పోర్టు చూపిస్తే పెద్ద సముదాయాలు ఒప్పుకుంటాయి, కొన్ని అదనపు డిపాజిట్ అడుగుతాయి. ఇక్కడ ఒక హద్దు ఉంది: అరిజోనా చట్టం ప్రకారం ఇంటి యజమాని నెలన్నర అద్దెకు మించి డిపాజిట్ కోరకూడదు. తిరిగి ఇవ్వని రుసుము ఏదైనా ఉంటే అది తిరిగి రాదని రాతపూర్వకంగా చెప్పాలి. ఖాళీ చేసి డిపాజిట్ అడిగాక 14 పనిదినాల్లోపు, దేనికెంత కోశారో పద్దులతో సహా లెక్క ఇవ్వాలి. ఇల్లు చూపించకుండానే డబ్బు పంపమనే వ్యక్తులు తగిలితే మాటలు అక్కడితో ఆపేయండి. హైదరాబాద్‌లో కూర్చుని వెతికేవాళ్లే వాళ్లకు ఎక్కువగా దొరుకుతారు.

చేరేటప్పుడు ఇంట్లో అప్పటికే ఉన్న లోపాలు రాసుకునే పత్రం ఇస్తారు, దాన్ని లాంఛనంగా నింపకండి. మా సహోద్యోగి ఒకరు ఖాళీ చేసినప్పుడు పడమర కిటికీలకు కర్టెన్ల బదులు ఉండే ప్లాస్టిక్ పలకల తెరలు (బ్లైండ్లు) విరిగాయని డిపాజిట్‌లోంచి 200 డాలర్లకు పైగా కోశారు. ఆ ప్లాస్టిక్ పలకలు ఎండకు పెళుసెక్కి, తెరవబోతే చేతిలోనే అప్పడంలా విరుగుతాయి. ఇందులో అద్దెకున్నవాడి తప్పేమీ లేదు. చేరిన రోజునే ఆయన ఆ పసుపు రంగుకు తిరిగిన పలకల ఫొటోలు తీసి, అదే రోజు ఈమెయిల్‌లో పంపి ఉంచారు. వాటిని మళ్లీ పంపగానే ఆ కోత వెనక్కి తీసుకున్నారు.

ఏసీ చెడిపోతే ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండటం మంచిది, ఎందుకంటే అది చెడేది జులైలోనే. నా రెండో ఇంట్లో ఒక శుక్రవారం రాత్రి ఆగిపోయింది. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే మనిషి సోమవారం వస్తాడన్నారు. అర్ధరాత్రికి ఇంట్లో 96 డిగ్రీలు, అంటే 35 సెల్సియస్ దాటింది. నేను చేసిన పొరపాటు ఫోన్‌తో సరిపెట్టుకోవడం. ఇక్కడ ఏదైనా రాతలో ఉండాలి. యజమాని ఇచ్చిన ఏసీని పనిచేసే స్థితిలో ఉంచడం రాష్ట్ర చట్టం ప్రకారం ఆయన బాధ్యతే, రాతపూర్వకంగా తెలియజేసినా బాగుచేయకపోతే మీరు వేరే చోట ఉండి ఆ రోజుల అద్దె కట్టకుండా ఉండే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. ఫీనిక్స్ నగర పరిధిలోనైతే ఏసీ ఉన్న అద్దె ఇల్లు 82 డిగ్రీలకు, అంటే 28 సెల్సియస్‌కు, మించకూడదని నగర నిబంధనే ఉంది. శనివారం ఉదయం ఇంటి ఉష్ణోగ్రత చూపే థర్మోస్టాట్ ఫొటోతో, ఈ విషయాలు రెండు వాక్యాల్లో రాసి పంపాను. మధ్యాహ్నానికి రెండు కిటికీ ఏసీలు తెచ్చి పెట్టారు.

ఎక్కడ ఉండాలన్న దానికి నా దగ్గర ఒక చిన్న సూత్రం ఉంది, అది మ్యాపుల్లో కనబడదు. ఆఫీసుకు తూర్పున ఇల్లు తీసుకోండి. ఉదయం పడమరకు, సాయంత్రం తూర్పుకు కారు నడుపుతారు కాబట్టి రెండుసార్లూ సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. ఆఫీసుకు పడమరగా ఉంటే రోజుకు రెండుసార్లు కళ్లలో పొడుస్తాడు. ఛాండ్లర్ ఉద్యోగానికి ఛాండ్లర్ తూర్పు భాగం, దాని పక్క ఊరు గిల్బర్ట్ ఈ లెక్కకు సరిపోతాయి; మనవాళ్లు, మన సరుకుల దుకాణాలు కూడా ఆ వైపు బాగానే ఉన్నాయి. మహాగణపతి ఆలయం మారికోపా ఊళ్లో ఉంది, వారాంతంలో వెళ్లిరావచ్చు. కారు లేకుండా గడపగలిగే కొద్ది చోట్లలో టెంపీలోని విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఒకటి, అది విద్యార్థులకు సరి, చిన్నపిల్లతో ఉన్న కుటుంబానికి కాదు.

చేరాక తొలి వేసవిలో అలవాటు చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఇక్కడి వర్షాకాలం. వానకంటే ముందు దుమ్ము గోడలా లేచి వస్తుంది. కారులో ఉండగా అది కమ్ముకుంటే రోడ్డు పూర్తిగా దిగి ఆగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. వెనకవాళ్లు మీ వెలుగు చూసి అదే రోడ్డనుకుని వచ్చి గుద్దకుండా ఉండటానికి ఇది.

చెప్పులు గుమ్మం బయట విడవడం మన అలవాటు. ఇక్కడ రెండు కారణాలకు మానుకోవాలి: పడమర గుమ్మం ముందు ఒక్క మధ్యాహ్నం ఉంటే అట్ట ఊడి వచ్చేస్తుంది, రాత్రయితే తేళ్లు దూరతాయి. లేత గోధుమరంగులో, చిటికెన వేలంత ఉండే ఈ తేలు గోడలు కూడా ఎక్కుతుంది, దాని కాటు చిన్నపిల్లలకు ప్రమాదకరం. నల్లకాంతి (అల్ట్రావయొలెట్) టార్చ్ ఒకటి కొనండి. చీకట్లో ఆ వెలుగు పడితే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. చేరిన మొదటి రాత్రే బాల్కనీ, స్నానాలగది, పాప మంచం చుట్టూ వేసి చూడండి. తలుపు కింద సందు ఉంటే రబ్బరు పట్టీ వేయించమని లీజింగ్ ఆఫీసుకు రాయండి.

ఇక్కడి నీళ్లు బాగా గట్టివి, అంటే వాటిలో ఖనిజ లవణాలు ఎక్కువ. గిన్నెల మీద తెల్లటి చారలు కడతాయి, పప్పు ఉడకడానికి ఆలస్యమైతే కుక్కర్‌ను తప్పుపట్టకండి. అసలు వింత స్నానానికి నీళ్లు పట్టినప్పుడు తెలుస్తుంది. జులైలో చన్నీళ్ల కొళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి, ఎండకు కాగిన గొట్టాల్లోంచి వచ్చేవి మరి. కొంతసేపు వదిలేసినా గోరువెచ్చన కంటే చల్లబడవు. మేము పిల్లల స్నానానికి ఉదయాన్నే రెండు బకెట్లు నింపి ఏసీ గదిలో ఒక మూల పెట్టి తలుపు వేసేవాళ్లం. సాయంత్రానికి అవి చేయి పెట్టగలిగే చల్లదనానికి వచ్చేవి.